అమ్మకీ వచ్చు ఇంగ్లీషు వాక్యం

పిల్లలు అయిదో ఆరో తరగతికి వచ్చేసరికి ఇంగ్లీషు గ్రామరు పుస్తకంలో ‘కైండ్స్ ఆఫ్ సెంటెన్సెస్’ అనే పాఠం ఒకటి వస్తుంది. డిక్లరేటివ్, ఇంటరాగేటివ్, ఇంపరేటివ్, ఎక్స్‌క్లమేటరీ అని నోరు తిరగని పేర్లు నాలుగు. ఆ పేర్లు చూడగానే మనలో చాలామంది “మీ నాన్నగారు వచ్చాక అడుగు” అనో, “ట్యూషన్‌లో చెప్పించుకో” అనో పుస్తకం మూసేస్తాం. తెలుగు మీడియంలో చదివి, పదితోనో ఇంటరుతోనో ఆగిపోయి, పెళ్ళి చేసుకుని కాపురానికొచ్చిన మనకి ఆ జంకు సహజమే. కానీ నన్నడిగితే ఆ పాఠంలో మనకు తెలియని సంగతి ఒక్కటీ లేదు. పేర్లే కొత్త.

“పాలు పొంగిపోయాయి.” ఇది ఒక సంగతి చెప్పడం, డిక్లరేటివ్. “పాలు పొంగాయా?” అడగడం, ఇంటరాగేటివ్. “కాస్త పాలు చూడు.” పని చేయమనడం, ఇంపరేటివ్. “అయ్యయ్యో, ఎన్ని పాలు పోయాయో!” ఇదేమిటో వేరే చెప్పాలా? పొద్దున లేచింది మొదలు ఇల్లాలి నోట వచ్చే మాటలన్నీ ఈ నాలుగు గంపల్లో సర్దుకుపోతాయి.

నిజానికి పదో తరగతి తెలుగు వ్యాకరణంలో మనం ఇంతకంటే ఎక్కువే బట్టీపట్టాం. ప్రశ్నార్థకం, విధ్యర్థకం, నిషేధార్థకం, ఆశ్చర్యార్థకం, ప్రార్థనార్థకం, సామర్థ్యార్థకం... గుర్తొచ్చాయా? ఇంగ్లీషు వాళ్ళవి నాలుగే. మరి చిక్కంతా ఎక్కడుందంటే, వాక్యం రకం మారినప్పుడు మనం మాట చివర మారుస్తాం, వాళ్ళు మాటల వరస మారుస్తారు. ఈ ఒక్క కీలకం పట్టుకుంటే పాఠం సగం వచ్చేసినట్టే.

పేర్లు లేని డబ్బాలు

“రాముడు సీతను చూశాడు” అనండి, “సీతను రాముడు చూశాడు” అనండి. అర్థం మారదు. చూసింది రాముడే. ‘సీత’ పక్కన ‘ను’ అంటిపెట్టుకుని ఉంది కాబట్టి ఆమెను ఎక్కడ కూర్చోబెట్టినా ఇబ్బంది లేదు. ఇంగ్లీషులో “రామ సా సీత” అంటే రాముడు చూసినట్టు. “సీత సా రామ” అన్నారో, చూసింది సీత అయిపోతుంది. వాళ్ళకి ‘ను’ లేదు మరి! ముందున్నవాళ్ళు చేసినవాళ్ళు, వెనకున్నవాళ్ళు చేయించుకున్నవాళ్ళు.

మన వంటింటి అలమరలో డబ్బాల మీద పేర్లు రాసి ఉన్నాయనుకోండి, కందిపప్పు ఏ అరలో పెట్టినా దొరుకుతుంది. పేర్లు లేకపోతే? మొదటిది కందిపప్పు, రెండోది పెసరపప్పు, మూడోది మినప్పప్పు అని వరసనే గుర్తుపెట్టుకోవాలి. ఎవరైనా డబ్బాలు అటూఇటూ జరిపితే సాంబారులో మినప్పప్పు పడుతుంది. ఇంగ్లీషు ఆ పేర్లు లేని డబ్బాల అలమర లాంటిది.

ఈ చిక్కు మనకొక్కరికే కాదు లెండి. సి.పి. బ్రౌన్ దొర 1817లో మద్రాసులో దిగి, 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చినప్పుడు ఆయనకీ మన భాష తిరగేసినట్టే కనబడి ఉంటుంది. క్రియ వినాలంటే వాక్యం చివరిదాకా కాచుకోవాలి కదా! అయినా నేర్చుకుని, 1840లో తెలుగు వ్యాకరణం, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చు వేయించాడు.

సంగతి చెప్పే వాక్యం

డిక్లరేటివ్‌నే కొన్ని పుస్తకాల్లో అసర్టివ్ అంటారు. రెండూ ఒకటే, పిల్లల్ని కంగారుపడొద్దనండి. ముందు చేసేవాళ్ళు, తర్వాత క్రియ, ఆ తర్వాత మిగతా సరంజామా, చివర చుక్క. “మదర్ మేడ్ ఇడ్లీస్.”

తెలుగు నుంచి వెళ్ళేవాళ్ళకి ఇక్కడ రెండు చోట్ల కాలు జారుతుంది. మనం “ఆమె టీచరు” అంటాం. అందులో క్రియ లేదు, మనకు అక్కర్లేదు. ఇంగ్లీషులో క్రియ లేనిదే వాక్యం నిలబడదు, అందుకని “షి ఈజ్ ఎ టీచర్” అని ‘ఈజ్’ తగిలించాలి. రెండోది, మనం “వస్తున్నాను” అంటే చాలు, ఆ చివరి ‘ను’లోనే ‘నేను’ ఉంది. ఇంగ్లీషులో ఆ వెసులుబాటు లేదు. “ఐ యామ్ కమింగ్” అనాల్సిందే. “చలిగా ఉంది” అనడానికి కూడా ముందు ఎవరో ఒకరు కూర్చోవాలని “ఇట్ ఈజ్ కోల్డ్” అని ఒక ఉత్తుత్తి ‘ఇట్’ను తెచ్చి కూర్చోబెడతారు. పేరంటంలో ఖాళీ పీట ఉంచకూడదన్నట్టు!

ఇంకోమాట. “షి డజ్ నాట్ ఈట్ బ్రింజాల్” లాంటి ‘కాదు, లేదు’ వాక్యాలు వేరే రకమని పిల్లలు అనుకుంటారు. కాదు. వంకాయ తినదన్నది కూడా ఒక సంగతే, కాబట్టి అదీ డిక్లరేటివే.

అడిగే వాక్యంతోనే అసలు పేచీ

మనకు ప్రశ్న వేయడం ఎంత సుళువో ఎప్పుడైనా గమనించారా? మాట చివర ‘ఆ’ అని సాగదీస్తే చాలు. “వచ్చాడు”, “వచ్చాడా?” అంతే. పైగా ఆ ‘ఆ’ ఎక్కడ తగిలిస్తే అనుమానం అక్కడ వాలుతుంది. “వాడు నిన్న వచ్చాడా?” “వాడు నిన్ననా వచ్చింది?” “వాడా నిన్న వచ్చింది?” మూడూ మూడు రకాల ప్రశ్నలు. తాటాకుల కాలంలో మన రాతకు ప్రశ్నగుర్తే లేదు. అది ఇంగ్లీషు అచ్చు పుస్తకాల అలవాటుతో వచ్చింది. ఆ గుర్తు లేకపోయినా మనకు లోటు తెలియలేదంటే ఈ ‘ఆ’ పుణ్యమే.

ఇంగ్లీషులో ‘ఆ’ లేదు. అందుకే డబ్బాలు జరుపుతారు. “యూ ఆర్ గోయింగ్” అంటే నువ్వు వెళ్తున్నావు. ‘ఆర్’ను ముందుకు జరిపి “ఆర్ యూ గోయింగ్?” అంటే వెళ్తున్నావా. “షి కెన్ కుక్” వంట చేయగలదు, “కెన్ షి కుక్?” చేయగలదా. ఈజ్, ఆర్, వాజ్, కెన్, విల్ లాంటి సహాయక్రియ వాక్యంలో ఉంటే దాన్ని ముందుకు తెస్తే పని అయిపోతుంది.

లేకపోతే? “షి కుక్స్ వెల్” అన్నదాంట్లో సాయానికి ఎవరూ లేరు. అప్పుడు ఇంట్లో మనిషి చాలక పక్కింటావిడను పిలుచుకున్నట్టు డూ, డజ్, డిడ్ అనే ముగ్గురిలో ఒకర్ని పిలుస్తారు. “డజ్ షి కుక్ వెల్?” ఇక్కడ ‘కుక్స్’లోని ‘స్’ ఏమైంది? సాయానికి వచ్చిన ‘డజ్’ అందుకుంది. అలాగే “హి వెంట్” అన్నది “డిడ్ హి గో?” అవుతుంది. జరిగిపోయిన సంగతి అని చెప్పే బరువు ‘డిడ్’ నెత్తినెత్తుకుంది కాబట్టి ‘వెంట్’ మళ్ళీ ‘గో’గా మారి హాయిగా కూర్చుంది. పిల్లలు “డిడ్ హి వెంట్?” అని రాసి మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. ఒక బిందెను ఇద్దరు మొయ్యక్కర్లేదని చెప్పండి, ఇక మర్చిపోరు.

ఎవరు, ఏమిటి, ఎక్కడ అనే ప్రశ్నమాటలున్నప్పుడు మనం వాటిని ఉన్నచోటే ఉంచుతాం. “నువ్వు ఎక్కడ ఉంటావు?” వాళ్ళు లాక్కొచ్చి మొదట్లో పెడతారు. “వేర్ డూ యూ లివ్?” ‘వేర్’ వచ్చాక కూడా ఆ ‘డూ’ సాయం కావాలి, దాన్ని వదిలేయకండి. కానీ “వాడెక్కడున్నాడో నాకు తెలియదు” అన్నప్పుడు “ఐ డోంట్ నో వేర్ హి ఈజ్” అనాలి, “వేర్ ఈజ్ హి” కాదు. ఎందుకంటే అది ప్రశ్న కాదు, తెలియదన్న సంగతి చెప్పడం. చివర చుక్కే పెట్టాలి.

ఇక ‘కదా’ ఉంది. మన ‘కదా’ ఎంత చక్కటి మాట! ఎక్కడైనా సరే ఒక్కటే. “వస్తాడు కదా, తిన్నావు కదా, మంచిది కదా.” ఇంగ్లీషు వాళ్ళకి ప్రతి వాక్యానికీ ఒక కొత్త ‘కదా’ కుట్టించాలి. “షి ఈజ్ నైస్, ఈజంట్ షి?” “దే కేమ్, డిడంట్ దే?” “యూ విల్ కమ్, వోంట్ యూ?” మనవాళ్ళు అన్నిచోట్లా “ఈజంట్ ఇట్?” అని తగిలించేస్తుంటారు. మాటల్లో ఎవరూ ఏమీ అనుకోరు గానీ పరీక్షలో మాత్రం తప్పు కొడతారు.

“యెస్” అనే ముందు

ఇది పరీక్ష మార్కుల కన్నా ముఖ్యమైన సంగతి, దయచేసి నిదానంగా చదవండి.

పొద్దున్నే పరగడుపున ఆపరేషనుకు రమ్మన్నారనుకోండి. నర్సమ్మ తెలుగులో “మీరేమీ తినలేదు కదా?” అంటుంది. మనం “అవునమ్మా” అంటాం. అవును, నువ్వన్నది నిజం, తినలేదు అని. ఇదే ప్రశ్న ఇంగ్లీషులో “యూ హావంట్ ఈటెన్ ఎనీథింగ్, హావ్ యూ?” అని వస్తుంది. మనం మనసులో ‘అవును’ అనుకుని “యెస్” అన్నామంటే, ఇంగ్లీషు లెక్కలో “తిన్నాను” అన్నట్టు! మన ‘అవును’ ఎదుటివాళ్ళ మాటకు తలూపుతుంది. వాళ్ళ ‘యెస్’ ఎదుటివాళ్ళ మాటతో పని లేకుండా పని జరిగింది అంటుంది. వాళ్ళ ‘నో’ జరగలేదు అంటుంది.

మత్తు ఇచ్చే ముందు కడుపు ఖాళీగా ఉండాలనడంలో ప్రాణానికి సంబంధించిన కారణం ఉంది. కడుపులో ఉన్నది మత్తులో పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అందుకని ఇలాంటిచోట ఒక్క ముక్కతో సరిపెట్టకండి. “నో, ఐ హావ్ నాట్ ఈటెన్” అని పూర్తి వాక్యం చెప్పండి. తిని ఉంటే “యెస్, ఐ ఏట్ ఎట్ సెవెన్” అనండి. ముక్క తప్పినా వాక్యం కాపాడుతుంది. బెంగుళూరులోనో బొంబాయిలోనో ఉన్న పిల్లల దగ్గరికి, అమెరికాలో కూతురి పురిటికి వెళ్ళే తల్లులు ఈ ఒక్కటీ మటుకు ఇంట్లో నాలుగుసార్లు అనుకుని వెళ్ళండి. “డోంట్ యూ హావ్ షుగర్?” అన్నా ఇదే సూత్రం. షుగర్ ఉంటే యెస్, లేకపోతే నో, ప్రశ్న ఎలా తిప్పి అడిగినా సరే.

చేయమనే వాక్యం మన వంటింట్లోదే

ఇంపరేటివ్ అంటే ఆజ్ఞ. క్రియతోనే మొదలవుతుంది, చేసేవాళ్ళ పేరుండదు. “కమ్.” “సిట్.” “క్లోజ్ ది డోర్.” ఎదురుగా ఉన్న ‘యూ’కే చెప్తున్నాం కనుక ఆ ‘యూ’ను దాచేస్తారు. ఇందాక పీట ఖాళీ ఉండకూడదన్నాను కదా, ఇదొక్కచోట ఖాళీ ఉంచవచ్చు.

మనకు రా, రావే, రారా, రండి అని ఎన్ని మెట్లున్నాయో! అత్తగారిని ఒకలా, చిన్నపిల్లను ఒకలా పిలుస్తాం. ఇంగ్లీషులో అందరికీ ఒకటే “కమ్”. మరి మర్యాదో? అది ‘ప్లీజ్’ మోస్తుంది. పిల్లలు టీచరుతో “గివ్ మై బుక్” అన్నారంటే పొగరుతో కాదు, తెలుగులో “ఇవ్వండి” అన్నప్పుడు ‘అండి’లో ఉన్న మర్యాద ఇంగ్లీషులోకి దాటలేదన్నమాట. ‘ప్లీజ్’ అలవాటు చేయండి. ఇంకా మర్యాద కావాలంటే ఆజ్ఞను ప్రశ్నగా మారుస్తారు. “కుడ్ యూ సైన్ హియర్?” అంటే సంతకం పెట్టగలవా అని మన చదువును పరీక్షించడం కాదు, పెట్టమనడమే. అయితే పరీక్షలో దీన్ని ఏ రకమని అడిగితే ఇంటరాగేటివ్ అనే రాయాలి, రూపాన్ని బట్టి.

ఈ రకం వాక్యాలకు మంచి పాఠ్యపుస్తకం కావాలంటే ఇంగ్లీషు వంటల పుస్తకం తెరవండి. మన పేజీల్లో “బెండకాయలు కడిగి, తడి తుడిచి, ముక్కలు తరిగి, నూనెలో వేయించి పక్కన పెట్టుకోవాలి” అని ఒక్క వాక్యంలో కూరంతా నడిపించేస్తాం. వాళ్ళు “వాష్. వైప్. కట్. ఫ్రై.” అని ఒక్కో పనికి ఒక్కో ఆజ్ఞ వేస్తారు. పిల్లచేత మన ఇంటి పప్పుచారు ఇంగ్లీషులో రాయించి చూడండి, ఒక్క మధ్యాహ్నంలో ఇంపరేటివ్ వచ్చేస్తుంది. చారు కూడా వస్తే లాభమే!

మందు సీసాల మీద ఉండేవన్నీ ఇవే. “షేక్ వెల్ బిఫోర్ యూజ్” అంటే వాడేముందు బాగా కుదపాలి. కుదపకపోతే కొన్ని మందులు అడుక్కి దిగిపోయి, మొదటి చెంచాలో నీళ్ళు, చివరి చెంచాలో మందంతా వస్తుంది. “కీప్ అవుట్ ఆఫ్ రీచ్ ఆఫ్ చిల్డ్రన్” పిల్లలకు అందకుండా ఉంచమని. “డూ నాట్ రిఫ్రిజిరేట్” అని ఉంటే ఫ్రిజ్‌లో పెట్టొద్దని. అందులో ‘డూ నాట్’ కనబడగానే ఆగి చదవాలి, అది మన నిషేధార్థకం. బ్యాంకు నుంచి ఫోనుకు వచ్చే ఓటీపీ పక్కన కూడా “డూ నాట్ షేర్” అనే ఉంటుంది. దాన్నే మరొకడు ఫోను చేసి “షేర్ ది ఓటీపీ, మేడమ్” అంటాడు. రెండూ ఆజ్ఞలే. ఏది వినాలో మీకు చెప్పక్కర్లేదు. తెలియని నంబరు నుంచి “క్లిక్ హియర్” అని వచ్చినా అంతే. ఆజ్ఞావాక్యంలో చెప్పేవాడి పేరుండదు కనుక చెప్తున్నది ఎవరో మనమే చూసుకోవాలి.

ఆహా ఓహో వాక్యం

దీనికి పెద్దగా శ్రమ లేదు. పేరుమాట ముందు ‘వాట్’, గుణం ముందు ‘హౌ’. “వాట్ ఎ స్వీట్ మ్యాంగో!” “హౌ స్వీట్!” ఒక్క కిటుకు మాత్రం పిల్లలకు చూపించండి. “హౌ స్వీట్ ఈజ్ ది మ్యాంగో?” అంటే మామిడిపండు ఏపాటి తీపి అని అడగడం. “హౌ స్వీట్ ది మ్యాంగో ఈజ్!” అంటే ఎంత తియ్యగా ఉందో అని మురిసిపోవడం. మాటలు అవే, ‘ఈజ్’ ఒక్కటి జరిగింది. చెప్పానుగా, అంతా డబ్బాల వరసే.

మీ సంతకం కింద ఉన్న వాక్యం

మళ్ళీ ఒకసారి డిక్లరేటివ్ దగ్గరికి రావాలి. పిల్లల పుస్తకంలో అన్నింటికన్నా తేలిక అనిపించేది ఇదే గానీ పెద్దవాళ్ళ జీవితంలో బరువైనది కూడా ఇదే. ‘డిక్లేర్’ అంటే ప్రకటించడం. ఆసుపత్రి కాగితాల్లో, బ్యాంకు ఫారాల్లో, బీమా దరఖాస్తుల్లో చివర “ఐ హావ్ రెడ్ అండ్ అండర్‌స్టుడ్” అని మొదలయ్యే వాక్యం ఉంటుంది. చదివాను, అర్థం చేసుకున్నాను అని. అందులో ‘ఐ’ ఎవరు? ఆసుపత్రి కాదు, మేనేజరు కాదు, మీరు! ఎవరో అచ్చు వేసిన వాక్యమే అయినా, కింద సంతకం పెట్టిన క్షణంలో అది మీ నోటి మాట.

ఇంటాయన అప్పుకో, ఆడపడుచు భర్త వ్యాపారానికో “ఊరికే ఒక సంతకం వదినా” అని ఫారం తెస్తారు. అందులో ‘గ్యారంటర్’ అన్న మాట, దాని పక్కన ‘షల్ పే’ అన్న మాట ఉన్నాయేమో చూడండి. ‘షల్ పే’ చూడ్డానికి మామూలు సంగతి చెప్పే వాక్యంలాగే ఉంటుంది. ప్రశ్నా లేదు, ఆజ్ఞా కనబడదు. కానీ చెల్లించి తీరాలన్నది దాని భావం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, హామీ ఉన్నవారి బాధ్యత అప్పు తీసుకున్నవారి బాధ్యతతో సమానం. ఊరికే సంతకం అనేది ఎక్కడా లేదు వదినగారూ!

వాక్యం మధ్యలో గీతలు గీసి ఖాళీలు వదిలిన కాగితం ఉంటే అది ఇంకా పూర్తికాని వాక్యం. ఆ ఖాళీలో తర్వాత ఎంత అంకె రాసుకున్నా అది మీరు చెప్పినట్టే అవుతుంది కనుక ముందు నింపమనండి, తర్వాత పెన్ను పట్టుకోండి.

తెలుగులో సంతకం చేసేవారి కోసం బీమా ఫారాల్లో, కొన్ని బ్యాంకు కాగితాల్లో ఇంకో వాక్యం ఉంటుంది. ఇందులోని విషయాలన్నీ నాకు నా భాషలో వివరించారు, నేను అర్థం చేసుకున్నాను అని దాని సారాంశం. వివరించినవాళ్ళు కూడా అక్కడ సంతకం చేయాలి. అదీ డిక్లరేటివే, మీ ప్రకటనే. నిజంగా ఎవరైనా వివరించారా లేదా అన్నది మీకే తెలుసు. వివరించకపోతే బల్ల అవతలి మనిషితో మొహమాటపడకుండా ఈ ఇంపరేటివ్ వాక్యం అనండి: “ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్ దిస్ టు మీ ఇన్ తెలుగు.” వెనక క్యూలో ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనివ్వండి.